పక్కనున్న కణం

ఈ కథలో ఒక్క అబద్ధం దొరికినా మీసం తీయించుకుంటాను. ఈ చుట్టుపక్కల నన్ను కోతలరాయుడంటారు, అననివ్వండి. నేను చెప్పే పులి కథలో పులి చెప్పినప్పుడల్లా కాస్త పొడుగు పెరుగుతుందేమో గానీ, ఇది పులి కథ కాదు. మా అక్క కోడలి కథ. వాళ్ళ వాటా మా మెట్ల కిందే. పొద్దున్నే దిగి వెళ్ళి వంటగది గుమ్మం పక్కన కుర్చీ వేసుకోవడం నాకు అలవాటు. కొంత కళ్ళారా చూశాను, కొంత ఆ అమ్మాయే చెప్పింది, చెప్పనిది ఆమె గిన్నెలు తోమే చప్పుడులో వినపడింది. ఇక కల్పనకి చోటెక్కడ?

టీ దగ్గర మొదలుపెడతాను. ఆ ఇంట్లో టీకి వరస ఉంది. మొదటి కప్పు మా మేనల్లుడిది. వాడు ట్యూషన్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాడు, ఇంటికొచ్చాక కూడా ఆపడు. రెండోది నాది, ముసలాణ్ణి, పైగా ఊరికే తాగేవాణ్ణి. మా అక్క కాపురం చేసినన్నాళ్ళూ ఆవిడది ఆఖరి కప్పు. బావకీ, పిల్లలకీ, వచ్చినవాళ్ళకీ పోశాక గిన్నెలో మిగిలిన పిప్పి మీద కాసిని నీళ్ళు పోసి, మళ్ళీ మరగబెట్టి, పంచదార లేకుండా నిలబడి తాగేది. "నాకలాగే ఇష్టం" అనేది. మేమంతా నమ్మాం. నమ్మితే మాకు సుఖంగా ఉండేది కదా. కోడలు వచ్చాక ఆ పిప్పి టీ కోడలికి దిగింది, అక్క ఒక మెట్టు పైకెక్కి చివరినుంచి రెండోదైంది. ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ప్రమోషన్లు అలాగే వస్తాయి.

కోడలికి బయట ఉద్యోగం కూడా తిండి పెట్టడమే. నవ్వకండి. ఒక పెద్ద ల్యాబులో క్యాన్సర్ కణాలకి మేత వేస్తుంది. ఎప్పుడో ఎవరి ఒంట్లోంచో తీసిన కణాలవి. ఆ మనిషి పోయినా అవి పోలేదు, ప్లాస్టిక్ గిన్నెల అడుగున అంటుకుని పెరుగుతూనే ఉన్నాయి. వాటి మీద ఎర్రటి నీళ్ళు పోయాలి. అందులో పంచదార ఉంటుంది, ఇంకా ఏవేవో సారాలుంటాయి. కణాలు తిని పులుపు వదులుతాయి, నీళ్ళు పసుపురంగుకి తిరుగుతాయి. అంటే ఆకలేస్తోందని. పాతవి పీల్చేసి కొత్తవి పొయ్యాలి. ఆదివారమైనా, జ్వరమొచ్చినా, సొంత చెల్లెలి పెళ్ళయినా సరే. "ఇంట్లోవాళ్ళు కనీసం నోరు తెరిచి అడుగుతారు బాబాయిగారూ, అవి రంగు మార్చుకుని కూర్చుంటాయి, మనమే కనిపెట్టుకోవాలి" అనేది.

ఊరి బడితో ఆగిపోయిన నా బుర్రకి కూడా ఎక్కేలా చెప్పేది. మామూలు కణం సంసారి అట. చెంచాడు పంచదార దొరికితే గాలితో కలిపి నిదానంగా కాల్చుకుని, చివరి పిసరు దాకా బలం పిండుకుంటుంది. క్యాన్సర్ కణం మాత్రం పిలవని పేరంటానికి వచ్చిన వియ్యంకుడు. సగం కొరికి విసిరేస్తుంది, మళ్ళీ వడ్డించమంటుంది. గాలి నిండుగా ఉన్నా వాడుకోదు. దానికి పెరగాలన్న తొందర తప్ప ఇంకోటి తెలీదు.

"అయితే వడ్డించడం మానేస్తే సరిపాయె" అన్నాను.

"అదే మా పని. అది తిండిని బలంగా మార్చుకునే దారులున్నాయి కదా, వాటిల్లో ఏది మూస్తే చస్తుందో వెతుకుతున్నాం. ఆ దారి మూసే మందు దొరికితే..." అని పొయ్యి మంట తగ్గించింది.

ఆమె ఎప్పుడూ 'వెతుకుతున్నాం' అనేది. వాళ్ళ ప్రొఫెసరుగారు 'వెతికాను' అనేవారట. సభ పెట్టినప్పుడు తెర మీద ఆమె పెంచిన కణాల బొమ్మలు నడుస్తూంటే, ప్రొఫెసరుగారు వెనక్కి తిరిగి, "అమ్మా, మీరు ఆడవాళ్ళు కదా, ఆ టీ సంగతి కాస్త చూసిపెట్టండి" అన్నారట. చూసింది. అక్కడ కూడా కప్పులు ఒకటి తక్కువైతే అది తనదే.

ఇప్పుడు అసలు తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. అక్కకి జబ్బు బయటపడడానికి ముందు మాట. ఒక సాయంత్రం కోడలు సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. మా మేనల్లుడు తిన్న కంచం పడేయడానికి వచ్చాడు. ఆ రోజు ల్యాబులో మంచి రోజు. పట్టలేక, "ఏమండీ, పంచదార లేని నీళ్ళలో పెట్టిన కణాలు చచ్చిపోయాయండీ" అంది. ఎప్పుడూ లేనిది వాడు ఆగాడు. "అవునా? ఎన్ని?" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె పని గురించి వాడు అడిగిన మొదటి ప్రశ్న అది. సబ్బు చేతులతో అలాగే నిలబడి, "దాదాపు అన్నీ" అంది. ఆ 'దాదాపు' వెనక చెప్పాల్సింది ఇంకా ఉంది. గిన్నె అంచున కొన్ని చావలేదు, అవి ఇంకేదో తింటున్నాయి, ఏం తింటున్నాయో ఇంకా తెలీదు. కానీ అడిగాడన్న సంబరంలో అది నోట్లోనే ఉండిపోయింది. నీళ్ళు కట్టేసి తిరిగేసరికి వాడు వెళ్ళిపోయి టీవీ పెట్టుకున్నాడు. ఆ మిగతా సగం తర్వాత ఎన్నిసార్లు చెప్పినా వాడి చెవికి ఎక్కలేదు.

అక్కకి కడుపులో గడ్డ అన్నారు. ఎంత దూరం పాకిందో చూడ్డానికి స్కాన్ చేయించారు. దానికి ముందు సూదిమందు ఎక్కిస్తారు, అదేమిటో కోడలు చెప్పింది. పంచదార లాంటిదే, కాస్త మెరిసేలా తయారుచేసింది. ఒంట్లో ఎక్కడ ఆబగా తింటుంటే అక్కడ మెరుస్తుంది. అక్క బల్ల మీంచి దిగి చీర సర్దుకుంటూ, "అయితే నా ఒంట్లో ఉన్నదానికి సూదేసి మరీ పంచదార పోశారన్నమాట. నాకు టీలో వేసినవాడు లేడు" అంది. కోడలు నవ్వింది. నవ్వి, గోడవైపు తిరిగింది. గోడ మీద వెలిగించిన బొమ్మలో అక్క కడుపు నిండా మెరుపులే.

మా మేనల్లుడు ఆ బొమ్మ చూశాడు. ట్యూషన్ పిల్లలకి చెప్పినట్టు మాకందరికీ చెప్పాడు. "చూశారా? క్యాన్సర్ పంచదార తిని బతుకుతుంది. పంచదార ఆపితే చస్తుంది. మా ఇంట్లో సైంటిస్టు స్వయంగా చెప్పింది." పేరు పెట్టి కాకపోయినా పెళ్ళాన్ని పదిమందిలో పొగిడింది అదొక్కసారే. మర్నాటినుంచి ఇంట్లో పంచదార డబ్బా లేదు. పళ్ళు లేవు, అన్నం గుప్పెడు. అక్కకి వేరే వంట, మిగతావాళ్ళకి వేరే వంట, రెండూ చెయ్యాల్సింది ఒక్కత్తే, చేశాక కాపలా ఉండాల్సిందీ ఆమే. వాడు మాత్రం ట్యూషన్ సెంటర్ కింద బేకరీలో కానిచ్చేవాడు. ఇంటికొచ్చి "అమ్మకేం పెట్టావ్?" అని గద్దిస్తున్నప్పుడు మీసం చివర కేకు పొడి ఉండేది. మీసమంటే గుర్తొచ్చింది, మొదట్లో పందెం కట్టాను కదా. నాకు మీసం ఎప్పుడూ లేదు. మొలవనిదాన్ని పందెం కాయడం మా ఊరి బడిలో నేర్చుకున్న లెక్క.

కోడలు చెప్పకపోలేదు. చేతులు తుడుచుకుని, వాడి ఎదురుగా కూర్చుని చెప్పింది. "ఏమండీ, గిన్నెలో కణం వేరు, మనిషి వేరు. మనం పెట్టకపోతే అత్తయ్య ఒళ్ళే కండ కరిగించి పంచదార తయారుచేస్తుంది. గడ్డ దాన్నీ లాక్కుంటుంది. ఆకలితో కరిగేది అత్తయ్యేనండీ, గడ్డ కాదు."

"అయితే ఆ రోజు నువ్వు చెప్పింది అబద్ధమా?"

"సగం చెప్పాను."

"నీకు సగమే తెలుసు కాబట్టి సగమే చెప్పావ్. నీళ్ళు పోసే ఉద్యోగం నీది. ఎందుకు పోస్తున్నారో నీకెందుకు చెబుతారు?"

ఆడపడుచు రోజూ ఫోను చేసేది. రావడానికి మాత్రం ఎప్పుడూ వీలు కుదిరేది కాదు. "వదినా, అమ్మకి తీపి ఇవ్వట్లేదుగా? నువ్వసలే మెత్తదానివి, అడిగితే కరిగిపోతావు. పిల్లా జెల్లా లేనిదానివి, అమ్మని చూసుకోవడం కూడా కష్టమైతే ఎలా?" పలకరించడానికొచ్చిన చుట్టాలు మాత్రం గుమ్మం దాటాక గొంతు తగ్గించి, "ఏం కోడలమ్మా, పెద్దావిడకి చిటికెడు పంచదార కూడా పెట్టదట" అనుకునేవారు. ఇద్దరి మాటలూ ఆమెకే తగిలేవి. తనే చెప్పిన మాట, తనకే ఉరి. అందులో ఎక్కడ ముడి విప్పాలో తెలియక, ఎర్రనీళ్ళు పోస్తూ, పప్పు కడుగుతూ, బస్సులో కమ్మీ పట్టుకుని, ఆ సాయంత్రం సింకు దగ్గరికే మళ్ళీ మళ్ళీ వెళ్ళి నిలబడేది. 'దాదాపు' అన్న మాట తర్వాత ఒక్క ఊపిరి తీసుకుని ఉంటే? వాడు అడిగాడని అంత పొంగిపోకుండా ఉంటే? మెచ్చుకోలుకి అంత ముఖం వాచి ఉండకపోతే?

ఈలోగా ల్యాబులో ఆ చావని కణాల గుట్టు బయటపడింది. వాటిని ఒంటరిగా కాకుండా మామూలు కణాల పక్కన పెంచి చూశారు. పంచదార దారి మూసేశారు. అయినా క్యాన్సర్ కణాలు నిక్షేపంగా ఉన్నాయి. ఎందుకంటే పక్కనున్న మామూలు కణాలు తమని తాము లోపల్నించి అరగదీసుకుని, ఆ వచ్చిన సారాన్ని బయటికి వదులుతున్నాయి. అవి అడుగుతున్నాయి, ఇవి ఇస్తున్నాయి. ప్రొఫెసరుగారికి భలే సరదా వేసింది. "ఎంత తెలివితక్కువ కణాలో చూడండి! సొంత ఇల్లు పీకి పొరుగింటి పొయ్యిలో పెడుతున్నాయి" అన్నారు. అందరూ నవ్వారు. ఆమె మైక్రోస్కోపులోంచి కళ్ళు తియ్యలేదు. సన్నగా, పొడుగ్గా సాగిన కణం, లోపలంతా చిన్న చిన్న ఖాళీలు. తెలివితక్కువది కాదు, అనుకుంది. దాన్ని ఎవరూ బలవంతం చెయ్యలేదు, కత్తి పట్టుకుని నిలబడలేదు. రంగు మార్చి చూపించారు, ఇచ్చేసింది. పొద్దున్న ఇచ్చింది, మధ్యాహ్నం ఇచ్చింది, ఇవ్వడం తప్ప తనకి వేరే ఆకారం ఉండేదని మర్చిపోయింది. నువ్వు ఇవ్వబట్టే అది బతుకుతోందే అని ఎవరైనా దానికి చెబితే ఏమంటుంది? నాకలాగే ఇష్టం అంటుంది. ఈ మాట అనుకోగానే ఆమెకి కళ్ళు మసకబారాయి, మైక్రోస్కోపు మర తిప్పి బొమ్మ సరిచేసుకుంటున్నట్టు నటించింది.

మందులు పడుతున్నకొద్దీ అక్క వంటకి వంకలు పెట్టడం మొదలుపెట్టింది. "ఏమ్మాయ్, ఉప్పు కూడా మానిపించాడా వాడు?" అనేది. కోడలు రుచి చూస్తే ఉప్పు సరిగ్గానే ఉండేది. అయినా ఇంకాస్త వేసేది. "కూరలో ఉప్పెంతుండాలో కూడా తెలీదు" అని వాడు కంచం తోసేవాడు.

చివరికి ఆసుపత్రిలో డాక్టరమ్మ అందర్నీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. "ఇక మందులు ఆపేద్దాం. ఆవిడేది అడిగితే అది పెట్టండి. తీపైనా, కారమైనా. ఇప్పుడు పథ్యాలు వద్దు." ఇంటికొస్తూ కారులో మా మేనల్లుడు, "పాతకాలం డాక్టరు, కొత్త పరిశోధనలేం చదువుతుంది" అన్నాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగాడు. "మీ ల్యాబులో ఆ మందేదో ఉందన్నావుగా. దారి మూసేది. ఒక సీసా తీసుకురా."

"అది మనుషులకి కాదండీ. ఇంకా గిన్నెల్లోనే ఉంది. మనిషికి ఎంత ఇవ్వాలో, ఇస్తే ఏమవుతుందో ఎవరికీ తెలీదు."

"ఇన్నేళ్ళు ఆ దిక్కుమాలిన కణాలకి చాకిరీ చేశావు. ఇంట్లో మనిషికి చుక్క మందు తేలేవా?"

వాడికి కూడా తల్లి పోతోందన్న భయమే, ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ వాడి భయానికి కూడా మేత తనే వెయ్యాలి కాబోలు.

నేను అక్క మంచం దగ్గర కూర్చుని నాకు చేతనైన వైద్యం చేసేవాణ్ణి, అంటే కోతలు. మా ఊళ్ళో ఒక టీ కొట్టతను ఉండేవాడని, అతను పోసే టీలో పంచదార ఎంతుండేదంటే చెంచా దానంతటది నిలబడేదని, గాలివాన వచ్చి కొట్టు పైకప్పు ఎగిరిపోయినా ఆ చెంచా మాత్రం పడలేదని చెప్పాను. అక్క కళ్ళు మూసుకుని నవ్వింది. "ఒరేయ్, అలాంటిది ఒక్కటి తాగి పోతే బాగుణ్ణురా. వేడిగా. అందరికంటే ముందు."

"నీకు పిప్పి టీ ఇష్టం కదే?"

అక్క కళ్ళు తెరిచి నావైపు చూసింది. "ఇష్టమని నేనంటే నువ్వు నమ్మావా? చదువుకున్నవాళ్ళు నమ్మారంటే సరే."

కోడలు గుమ్మంలో మందుల గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. వింది.

మర్నాడు ల్యాబునించి వస్తూ పంచదార పొట్లం కొంది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఆలోచించింది. దొంగచాటుగా ఇవ్వొచ్చు, వాడు ట్యూషన్‌కి వెళ్ళాక. కానీ దొంగచాటుగా ఇస్తే అది మళ్ళీ పిప్పి టీయే. ఎదురుగానే ఇస్తాను. మొదటి కప్పు ఇస్తాను. అరుస్తాడు, అరవనీ. నీ మాటే కదా అంటాడు. అవును, నా మాటే, మిగతా సగం ఇదిగో అంటాను.

తెల్లారింది. నేను నా కుర్చీలో ఉన్నాను. మా మేనల్లుడు స్నానాలగదిలో గడ్డం గీసుకుంటున్నాడు. పొట్లం గట్టు మీద అందరికీ కనపడేలా విప్పి పెట్టింది. టీ మరిగింది. మొదటి కప్పులో పంచదార వేసింది, వేసింది, ఇంకా వేసింది. నేను చెంచా వైపు చూశాను, నిలబడుతుందేమోనని. "ఏమోయ్, నా టీ ఏది?" అని లోపల్నించి కేక. "ఇది అత్తయ్యది. మీది తర్వాత" అంది. అంత మామూలుగా అంది, రేపట్నించి భూమి ఇటువైపు తిరుగుతుంది అన్నట్టు.

అక్కని వెనకనించి ఎత్తి కూర్చోబెట్టి, కప్పు పెదాలకి ఆనించింది. అక్క ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది. "అబ్బ" అంది. "తియ్యగా ఉందే అమ్మాయ్!" ఆ మాట ఎంత గట్టిగా అందంటే, మా మేనల్లుడు మొహం నిండా నురగతో బయటికొచ్చి, పొట్లం చూసి, తల్లి మొహం చూసి, ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయాడు. వాడికి చెప్పడానికేమీ లేకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

ఇక్కడ ఆపేస్తే అందరం సుఖంగా లేచిపోవచ్చు. కానీ మీసం లేకపోయినా మాటంటూ ఒకటుంది కదా. ఈ కథలో పులి ఒక్కటే ఉంది, అది ఆ ఒక్క మాట. మా అక్క 'తియ్యగా ఉంది' అనలేదు. అదీ, అది విని మా మేనల్లుడు నిలబడిపోవడమూ నేనే కల్పించాను.

అక్క ఒక గుక్క తాగింది. నాలుక మీద అటూ ఇటూ తిప్పుకుంది. "పంచదార వెయ్యలేదే అమ్మాయ్" అంది. కోడలు గట్టు మీది పొట్లం తెచ్చి ఇంకో చెంచా వేసి కలిపింది. మళ్ళీ గుక్క. నేను చూస్తుండగా ఇంకోటి వేసింది. అక్క కప్పు పక్కకి నెట్టి కోడలి మొహంలోకి చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో. "చివరికి నువ్వు కూడా వాడి మాటే విన్నావన్నమాట" అంది.

నేను నోరు తెరిచాను. కోడలు నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. మందులకి నాలుక చచ్చిపోయిందని ఆ మనిషికి ఇప్పుడు చెప్పాలా? ఎక్కడో ఒక తియ్యటి కప్పుందన్న నమ్మకం ఒక్కటే ఆవిడకి మిగిలింది, అదీ లాక్కోవాలా?

"మర్చిపోయానత్తయ్యా" అంది. "రేపు వేస్తాను."

నురగ మొహంతో బయటికొచ్చిన మా మేనల్లుడికి వినపడింది ఈ ముక్కే. "రేపూ వద్దు, ఎల్లుండీ వద్దు. మర్చిపోయి మంచి పని చేశావ్" అన్నాడు. అప్పటికే ఆమె కొంగు కింద పొట్లం చుట్టి ల్యాబు సంచిలోకి తోసేసింది. కప్పు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళి, మాకు వీపు తిప్పి, చల్లారిన ఆ టీ అంతా నిలబడి తాగింది. అడుగున కరగని పంచదార మందంగా పేరుకుని ఉంది. ఎవరికీ కనపడకుండా చెంచాతో గీరి గీరి అదీ మింగేసి, కప్పు కడిగి, మొగుడికి టీ పెట్టింది.